పిల్లల కంట్లో అట్రోపిన్ వేయమన్నారా? సీసా చేతికొచ్చాక ఏం చేయాలి

మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆస్పత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్, వీధి వీధికీ ఒక కళ్లద్దాల షాపు. ఇన్ని ఉన్న హైదరాబాద్‌లో పిల్లల కంటి చీటీ మీద అట్రోపిన్ పేరు కనబడటం వింతేమీ కాదు. మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడేవాణ్ని కాబట్టి, ఈ మందు కొనుక్కుని వెళ్లేవాళ్లు గడప దిగేలోపు ఏం అడుగుతారో, ఇంటికెళ్లాక ఎక్కడ తడబడతారో నాకు బాగా తెలుసు. డాక్టరు గదిలో అంతా అర్థమైనట్టే ఉంటుంది. రాత్రి పిల్లాణ్ని పడుకోబెట్టి సీసా మూత తీశాకే అసలు సందేహాలన్నీ మొదలవుతాయి. ఇది అప్పటి కోసం. మందు వాడాలా వద్దా, ఎన్నాళ్లు వాడాలి అన్నది మీ కంటి డాక్టరు చెప్పాలి. చెప్పాక దాన్ని ఇంట్లో ఎలా వాడాలో నేను చెప్తాను.

ముందు సీసా మీది అంకె చదవండి

పేరు, కంపెనీ తర్వాత చూడొచ్చు. అన్నిటికంటే ముందు అంకె. అట్రోపిన్ చుక్కలు 1% బలంలో దొరుకుతాయి, 0.01%, 0.05% బలాల్లోనూ దొరుకుతాయి. సీసాలు దాదాపు ఒకే సైజు, ఒకే తెలుపు. "అన్నా, ఇది కూడా అదే మందు కదా, పాయింట్ల తేడానే కదా?" అని ఒక తల్లి అడిగింది. ఆ పాయింట్ల తేడా ఎంతో లెక్క కట్టి చూపిస్తే సీసా మళ్లీ కౌంటర్ మీద పెట్టేసింది.

లెక్క ఇదీ. సుమారు ఇరవై చుక్కలైతే ఒక ఎంఎల్. 1% అంటే ఒక ఎంఎల్‌లో 10 మిల్లీగ్రాముల అట్రోపిన్. అంటే ఒక్క చుక్కలో అర మిల్లీగ్రాము. ఆస్పత్రిలో పెద్దవాళ్లకు ఎక్కించే అట్రోపిన్ ఆంపుల్‌లో, అంటే సూదిమందు చిన్న గాజు సీసాలో, సాధారణంగా ఉండేది 0.6 మిల్లీగ్రాములు. మీరు పిల్లాడి కంట్లో వేసే ఒక్క చుక్క దానికి కాస్తే తక్కువన్న మాట. అదే 0.01% సీసా తీసుకోండి. 5 ఎంఎల్ సీసా మొత్తం కలిపితే అందులో ఉన్న అట్రోపిన్ అర మిల్లీగ్రామే. ఆ చిన్న సీసా అంతా, ఈ బలమైన సీసాలో ఒక్క చుక్క, రెండూ సమానం.

అందుకే ఈ మూడు పనులు చేయండి. చీటీ మీది అంకె, సీసా మీది అంకె వేలు పెట్టి పోల్చి చూడండి. రాసిన బలం స్టాకు లేదంటే వేరే షాపుకు వెళ్లండి, "ఇది తీసుకెళ్లి నీళ్లు కలుపుకోండి" అన్న మాట ఎవరన్నా వినొద్దు. ఇంట్లో నీళ్లు కలిపితే బలం లెక్క తప్పుతుంది, పైగా సూక్ష్మక్రిములు నేరుగా కంట్లోకి వెళ్తాయి. మూడోది, సీసా మూత ఎప్పుడు తెరిచారో ఆ తేదీని పర్మనెంట్ మార్కర్‌తో సీసా మీదే రాయండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

చీటీ చదవడంలో ఇంకో చిక్కు ఉంది. మామూలు డాక్టర్ల చీటీలో ఓడీ అంటే రోజుకు ఒకసారి. కంటి చీటీలో అదే ఓడీ కుడి కన్ను. ఓఎస్ ఎడమ కన్ను, ఓయూ రెండు కళ్లూ. ఆర్‌ఈ, ఎల్‌ఈ, బీఈ అని రాసేవాళ్లూ ఉన్నారు. బీడీ అంటే రోజుకు రెండుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. "ఓడీ, బీడీ" అని పక్కపక్కనే రాసి ఉంటే "ఒకసారా, రెండుసార్లా" అని తల పట్టుకోకండి, కుడి కంట్లో రోజుకు రెండుసార్లు అని. అనుమానం మిగిలితే ఊహించుకోవద్దు, ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి.

మీ పిల్లలకు ఎందుకు రాశారో తెలుసుకోండి

మూడు వేర్వేరు పనులకు ఇదే మందు రాస్తారు. పద్ధతి ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. పక్కింటి పిల్లాడికి చెప్పినట్టు మీ పిల్లాడికి వేయకూడదనడానికి కారణం అదే.

మొదటిది అద్దాల పవర్ చూడటం. చిన్నపిల్లల కంట్లో లెన్సును సర్దే కండరం మహా చురుకైనది. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు కూడా ఆ కండరాన్ని బిగించి అక్షరాలన్నీ చదివేస్తారు, పవర్ బయటపడదు. అట్రోపిన్ ఆ కండరాన్ని కొన్నాళ్లు పనిచేయకుండా ఆపుతుంది, అప్పుడు నిజమైన పవర్ తెలుస్తుంది. మెల్లకన్ను ఉన్న పిల్లలకు, బాగా చిన్నవాళ్లకు దీన్ని ఎక్కువగా వాడతారు. మన దగ్గర మామూలుగా 1% ఆయింట్‌మెంట్ రాసి, పరీక్షకు ముందు మూడు రోజులు రోజుకు రెండు లేదా మూడుసార్లు పెట్టమంటారు. ఏడాది లోపు పసిపిల్లలకు ఇంకా తక్కువ బలం రాస్తారు. పరీక్ష రోజు ఉదయం పెట్టాలా వద్దా అన్నది ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి.

రెండోది మందకన్ను. ఒక కన్ను చూపు సరిగ్గా ఎదగక, మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. దానికి పాత వైద్యం బాగున్న కంటికి ప్యాచ్ అంటించడం. ప్యాచ్ పీకేసే పిల్లలకు, బాగున్న కంట్లో అట్రోపిన్ వేసి దాని దగ్గరి చూపును మసకబారుస్తారు, అప్పుడు మందకన్ను పని చేయక తప్పదు. అమెరికాలో 2002లో వచ్చిన అధ్యయనంలో, ఓ మోస్తరు మందకన్ను ఉన్న పిల్లల్లో ఈ చుక్కలు ప్యాచ్‌కు సాటిగానే పనిచేశాయి. ఇక్కడే ఇంట్లోవాళ్లు పొరబడతారు. "జబ్బు ఈ కంటికి, మందు ఈ కంటికే కదా" అని మందకన్నులోనే వేసేస్తారు. అలా వేస్తే వైద్యం సరిగ్గా తలకిందులవుతుంది. చుక్క పడాల్సింది బాగున్న కంట్లో. ఈ పని మీద వాడుతుంటే, సీసాకు చిన్న కాగితం అంటించి "కుడి కన్ను మాత్రమే" లేదా "ఎడమ కన్ను మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాయండి. నాయనమ్మ వేసినా, నాన్న వేసినా ఒకే కంట్లో పడాలి.

మూడోది ఇప్పుడు ఎక్కువ వినబడుతున్నది, మైనస్ పవర్ పెరగకుండా చూడటం. దీనికి తక్కువ బలం చుక్కలు, రోజూ రాత్రి ఒకటి. ఇది కొంచెం ఎక్కువ చెప్పాల్సిన సంగతి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

చుక్క వేయడం

సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టండి, తల మీ ఒళ్లో ఉంటే ఇంకా మంచిది. కంటి మూలల్లో పుసి ఉంటే తడి దూదితో తుడవండి. ఫ్యాను వైపు చూడమనండి. కింది రెప్పను వేలితో నెమ్మదిగా కిందికి లాగితే చిన్న గుంటలా అవుతుంది, చుక్క పడాల్సింది అందులో. నల్లగుడ్డు మీద కాదు. సీసా కొన రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ, మీ వేలికి గానీ తగలకూడదు. ఒక్క చుక్క. రెండోది అక్కర్లేదు, కంట్లో ఒక చుక్కకు మించి చోటు లేదు, మిగిలింది చెంప మీదికి జారుతుంది, లేదంటే లోపలికి పోతుంది.

లోపలికి పోవడమే అసలు భయం. కంటి లోపలి మూలలో, ముక్కు పక్కన సన్నటి రంధ్రం ఉంటుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది దాని వల్లే. చుక్క ఆ దారిన ముక్కులోకి, గొంతులోకి దిగి, అక్కడి నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. నోట్లో చేదు తగిలిందని పిల్లలు చెప్పేది ఇందుకే. కాబట్టి చుక్క పడగానే కన్ను మూయించి, ముక్కు పక్కన ఆ మూలను చూపుడు వేలి కొనతో మెత్తగా నొక్కి పట్టుకోండి. రెండు నిమిషాలు. చాలామంది ఈ ఒక్క పనీ వదిలేస్తారు, నా లెక్కలో ముఖ్యమైనది ఇదే. 1% వాడుతున్న ఇంట్లో ఇది తప్పనిసరి. పిల్లాడు కదలకుండా ఉండాలంటే ఇష్టమైన పాట ఒకటి పెట్టండి, పాట అయ్యేదాకా వేలు తీయకండి.

తర్వాత చెంప మీద జారిన మందును టిష్యూతో తుడిచి ఆ టిష్యూ పారేయండి. పిల్లాడి చేతులు తుడవండి, ఎందుకంటే కన్ను నలిపిన చెయ్యి తర్వాత నోట్లోకే వెళ్తుంది. మీ చేతులు మళ్లీ కడుక్కోండి. కడగకుండా మీ కన్ను నలుపుకుంటే మీ కంటిపాప పెద్దదై, వారం పది రోజులు ఫోన్‌లో అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి.

గింజుకునే పిల్లలకు ఒక ఉపాయం. కళ్లు గట్టిగా మూసుకున్నా సరే, వెల్లకిలా పడుకోబెట్టి, మూసిన కంటి లోపలి మూలలో చుక్క వేయండి. అది అక్కడ నిలుస్తుంది. నెమ్మదిగా రెప్ప తెరిచేసరికి లోపలికి జారుతుంది. రాత్రి చుక్కలైతే నిద్రపోయాక వేసినా నష్టం లేదు.

చుక్క సరిగ్గా పడిందో లేదో అనుమానం వస్తే? తక్కువ బలం మందైతే, పూర్తిగా బయటే పడిందని మీరు కళ్లారా చూస్తే ఇంకోటి వేయొచ్చు. 1% అయితే అనుమానం మీద ఇంకో చుక్క వేయొద్దు, వదిలేయండి. ఒక పూట మర్చిపోయినా అంతే, మర్నాడు రెండు చుక్కలు వేసి సరిచేయాలని చూడొద్దు.

ఆయింట్‌మెంట్ అయితే కింది రెప్ప లోపల బియ్యపు గింజంత చాలు. పెట్టాక కన్ను మూయించి, బయట అంటిన జిగురును తుడిచేయండి. ఆయింట్‌మెంట్ చుక్కలంత త్వరగా గొంతులోకి జారదు, పసిపిల్లలకు దాన్నే రాయడానికి అదొక కారణం. వేరే చుక్కల మందు కూడా ఉంటే ముందు చుక్కలు, ఐదు నిమిషాలు ఆగి ఆయింట్‌మెంట్.

మరుసటి రోజు నుంచి ఎలా ఉంటుంది

1% వేసిన కంటిపాప బాగా పెద్దదవుతుంది. అది ఒకటి రెండు రోజుల్లో మామూలు కాదు, వారం నుంచి రెండు వారాలు పడుతుంది. షాపుల్లో, క్యాంపుల్లో పెద్దలకు వేసే ట్రోపికమైడ్ చుక్కలైతే కొన్ని గంటల్లో దిగిపోతాయి, సైక్లోపెంటోలేట్ ఒక రోజు. వాటితో పోల్చుకుని "ఇంకా తగ్గలేదేంటి" అని టెన్షన్ పడి ఫోన్లు చేసేవాళ్లు చాలామంది. తగ్గదు, అది మందు స్వభావం.

ఆ రోజుల్లో వెలుతురు గుచ్చుకుంటుంది, దగ్గరి అక్షరాలు కనబడవు. కాబట్టి పవర్ పరీక్ష కోసం వాడేటట్టయితే యూనిట్ టెస్టులకు, పరీక్షలకు ముందు పెట్టుకోకండి. సెలవులు మేలు, కానీ మన ఊళ్లో సెలవులంటే ఏప్రిల్, మే ఎండలు. అంచు ఉన్న టోపీ, చలువ అద్దాలు లేకుండా బయటికి పంపకండి. బండి మీద ట్యాంకు ముందు కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం తిప్పడం అసలే వద్దు. స్కూలుకు వెళ్లాల్సే వస్తే టీచరుకు రెండు ముక్కలు రాసి పంపండి: మందు వల్ల దగ్గరి చూపు మసకగా ఉంటుంది, బోర్డు కనబడుతుంది కానీ పుస్తకం కనబడదు, ఫలానా తేదీదాకా.

ఒకే కంట్లో వేసే పిల్లలకు మరో జాగ్రత్త. ఒక కంటిపాప పెద్దగా, రెండోది చిన్నగా ఉంటుంది. ఆడుతూ తలకు దెబ్బ తగిలి ఏ ఆస్పత్రికో తీసుకెళ్తే, అక్కడి డాక్టరు లైటు వేసి చూసి మెదడులో ఏదో అయిందని కంగారు పడతారు, స్కానింగు దాకా వెళ్తుంది. "కంట్లో అట్రోపిన్ వేస్తున్నాం" అన్న మాట ముందే చెప్పండి. స్కూలు డైరీలో కూడా రాసి ఉంచండి.

ఇవి కనిపిస్తే ఆపేయాలి

కొంచెం మంట, వెలుతురు పడకపోవడం, మసక, ఇవి మామూలే. కిందివి మామూలు కావు. ముఖం ఎర్రగా కందిపోవడం. నోరు ఎండి, మింగలేకపోవడం. ఒళ్లు వేడిగా ఉండి, చర్మం మాత్రం పొడిగా, చెమట చుక్క లేకపోవడం. గుండె దడదడలాడటం. మూత్రం రాకపోవడం. చిరాకు, నిద్రపట్టకపోవడం, సంబంధం లేని మాటలు, లేనివి ఉన్నట్టు గాల్లోకి చేతులు చాపి పట్టుకోబోవడం. శరీరంలో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చేసే పనుల్ని అట్రోపిన్ అడ్డుకుంటుంది. లాలాజలం, చెమట, మూత్రాశయం, గుండె నెమ్మది, అన్నిటికీ ఆ రసాయనమే కావాలి. అందుకే ఒక కంటి మందు ఇంత దూరం వెళ్తుంది.

చెమట సంగతి మన వేసవికి చాలా ముఖ్యం. చెమట పట్టని పిల్లాడు మే నెలలో రేకుల కింద, కరెంటు పోయిన గదిలో ఉంటే జ్వరం చూస్తుండగానే పెరుగుతుంది. ఈ జ్వరం పారాసిటమాల్‌తో సరిగ్గా దిగదు, ఒళ్లు చల్లబరచాలి. మందు ఆపండి, బట్టలు వదులు చేసి తడి గుడ్డతో ఒళ్లంతా తుడవండి, ఫ్యాను వేయండి, ఆస్పత్రికి బయల్దేరండి. పై లక్షణాల్లో రెండు మూడు కలిసి కనిపిస్తే "రేపు చూద్దాం" అనుకోవద్దు. సీసా, చీటీ వెంట తీసుకెళ్లండి.

ఎవరికి ఎక్కువ ప్రమాదం? పసిపిల్లలకు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు. మూర్ఛలు వచ్చే పిల్లలైతే, అప్పటికే జ్వరంతో ఉంటే, మందు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పండి.

పిల్లాడు సీసా నోట్లో పెట్టుకుని తాగేశాడా? 1% సీసా 5 ఎంఎల్‌లో 50 మిల్లీగ్రాములుంటుంది, చిన్న ప్రాణానికి అది చాలా పెద్ద మోతాదు. లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్లండి. చిన్నపిల్లలకు నీలోఫర్ ఆస్పత్రి ఉంది, కానీ అది మీకు దూరమైతే దగ్గరున్నదానికే ముందు వెళ్లండి. ఉప్పు నీళ్లు తాగించి కక్కించడం, చింతపండు రసం పట్టడం, ఇవేవీ చేయొద్దు. ఎంత మిగిలిందో చూడటానికి సీసా తీసుకెళ్లండి.

సీసా ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు పారేయాలి

లేబుల్ మీద ఏ వేడి రాశారో చూడండి. చాలావాటి మీద 25 లేదా 30 డిగ్రీల లోపు అని ఉంటుంది. హైదరాబాద్‌లో మార్చి దాటాక కిటికీ గట్టు, టీవీ మీద, కారు డ్యాష్‌బోర్డు, ఏదీ ఆ లెక్కలోకి రాదు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చని లేబుల్ మీద ఉంటే తలుపు అరలో పెట్టండి, కానీ పిల్లలు నీళ్ల బాటిల్ కోసం రోజూ తెరిచే తలుపు అది అని గుర్తుంచుకోండి. మూతున్న డబ్బాలో పెట్టి పై అరలో పెట్టడం మేలు. గడ్డ కట్టే అరలో వద్దు.

తెరిచిన నాలుగు వారాలకు, మందు మిగిలి ఉన్నా, పారేయండి. సీసా మీద తేదీ రాయమన్నది ఇందుకే. "ఇంకా సగం ఉంది, రెండొందలు పెట్టి కొన్నాం" అంటారు. నిజమే, బాధే. కానీ ప్రతి రాత్రి గాలికి తెరుచుకున్న సీసా అది, అందులోది పోయేది కంట్లోకి. పారేసేటప్పుడు మిగిలిన మందును వాడేసిన టీ పొడిలో పిండి, కాగితంలో చుట్టి చెత్తలో వేయండి.

మిగిలింది ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం వేయొద్దు. "నా కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి, ఆ చుక్కలు నాకూ ఒకటి వెయ్యి" అని తాతగారు అడగడం మామూలే. పెద్దవయసులో కంటిలోపలి కోణం ఇరుకుగా ఉన్నవాళ్లకు పాప విప్పారితే కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు పోవడం దాకా వెళ్లొచ్చు. ప్రోస్టేట్ వాపు ఉన్న మగవాళ్లకు మూత్రం ఆగిపోవచ్చు. వాళ్లు అప్పటికే అలర్జీకి ఏవిల్ లాంటి మాత్రో, నిద్రకు, నరాల నొప్పికి అమిట్రిప్టిలినో వాడుతుంటే అవీ ఇదే రకం ప్రభావం ఉన్నవి, ఒకదానికొకటి తోడవుతాయి.

మైనస్ పవర్ కోసం వేసే రాత్రి చుక్క

ఇందులో ముందు మనసులో పెట్టుకోవాల్సింది: ఈ చుక్కలతో అద్దాలు పోవు. ఉన్న పవర్ తగ్గదు. పెరిగే వేగం నెమ్మదిస్తుంది, అంతే. "మూడు నెలలు వేశాం, నంబరు తగ్గలేదు" అని మానేసేవాళ్లు ఏం ఆశించి మొదలుపెట్టారో నాకు అర్థం కాదు. ఇది నెలల పని కాదు, సాధారణంగా రెండేళ్లు, అంతకు మించి.

సింగపూర్‌లో మొదట 1% బలంతోనే ప్రయత్నించారు, 2006లో ఫలితాలు వచ్చాయి. పవర్ పెరగడం బాగా తగ్గింది, కానీ పిల్లలకు వెలుతురు, చదువు కష్టమయ్యాయి, మందు ఆపగానే పవర్ మళ్లీ వేగంగా పెరిగింది. అక్కడి నుంచి బలం తగ్గించుకుంటూ వచ్చారు. 2012లో 0.01% మీద ఆశ కలిగింది, ఆపాక తిరగబెట్టడం దానిలో తక్కువ. 2019లో హాంకాంగ్ పరిశోధకులు 0.05, 0.025, 0.01 మూడింటినీ పోల్చితే 0.05% ఎక్కువ మేలు చేసింది. 2023లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో 0.01%కి, మందు లేని చుక్కలకు తేడా కనబడలేదు. మన దేశంలో చేసిన అధ్యయనంలో 0.01% కొంత పనిచేసింది. ఇన్ని రకాల ఫలితాలున్నాయి కాబట్టే ఒక డాక్టరు 0.01 రాస్తే ఇంకొకరు 0.05 రాస్తారు. ఇద్దరిలో ఒకరు తప్పు అని కాదు. కానీ బలం మార్చాలంటే డాక్టరే మార్చాలి. "పని చేయట్లేదు, కొంచెం స్ట్రాంగ్‌ది ఇవ్వండి" అని షాపులో అడిగితే నేనివ్వను.

ఆరు నెలలకోసారి పరీక్షకు వెళ్లండి. పవర్ ఒక్కటే కాకుండా కంటి పొడవు కూడా కొలిచే చోట చూపిస్తే మంచిది, మైనస్ పవర్ పెరగడమంటే చాలావరకు కంటిగుడ్డు పొడుగవడమే. ఆ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి ప్రతిసారీ తీసుకెళ్లండి. ఆపాలన్నప్పుడు కూడా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, బలం ఎక్కువైనకొద్దీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

చుక్క వేస్తున్నాం కదా అని ఫోను, ట్యాబు పగ్గాలు వదిలేస్తే చుక్క ఒక్కటే ఏం చేస్తుంది? రోజూ రెండు గంటలు ఆరుబయట వెలుతురులో గడిపితే మైనస్ పవర్ రావడం ఆలస్యమవుతుందన్నది బాగా రుజువైన విషయం. అపార్ట్‌మెంట్ సెల్లారులో ఆడించడం దానికి లెక్క రాదు.

ఇదే మందు ఆస్పత్రిలో

పురుగుమందు ఒంట్లోకి వెళ్లి ఉస్మానియాకో, గాంధీకో తెచ్చిన మనిషి పక్కన మీరు కూర్చోవాల్సి వస్తే, ఈ పేరు మళ్లీ వినబడుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు శరీరంలో ఎసిటైల్‌కోలిన్‌ను పేరుకుపోయేలా చేస్తాయి. నోట్లో నురుగు, ఊపిరితిత్తుల్లో నీరు, కంటిపాపలు సూదిమొనంత, గుండె నెమ్మది. దానికి అడ్డు వేసేది అట్రోపినే. 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఛాతీలో గురగుర తగ్గేదాకా ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేసుకుంటూ పోతారు. ఆంపుల్స్ గుట్టగా పడితే "ఇన్నా?" అని బెదిరిపోకండి. మీరు చేయగలిగింది: పురుగుమందు డబ్బా లేదా దాని ఫొటో డాక్టరుకు చూపించడం, తడిసిన బట్టలు తీయించడం, ఒళ్లు సబ్బుతో కడిగించడం, ఇవి చేసేటప్పుడు మీ చేతులకు గ్లవుజులు వేసుకోవడం. తర్వాత మనిషి ఏదేదో మాట్లాడుతూ, మంచం మీది దుప్పటి పీకుతూ, ఒళ్లు కాలుతూ ఉంటే నర్సుకు చెప్పండి, అట్రోపిన్ ఎక్కువైన గుర్తులవి. తగ్గించాల్సిందేమో వాళ్లు చూస్తారు.

వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త

అట్రోపిన్ ఏ ఫ్యాక్టరీలోనో పుట్టిన మందు కాదు. యూరప్‌లో బెల్లడోనా మొక్క నుంచి 1830లలో వేరుచేశారు. ఆ కుటుంబానికే చెందిన ఉమ్మెత్త మన ఖాళీ ప్లాట్లలో, నాలాల పక్కన పెరుగుతుంది. అట్రోపిన్‌తో పాటు స్కోపాలమైన్ అనే దాని చెల్లెలు కూడా అందులో ఉంటుంది. చవితి పూజలో ఇరవై ఒక్క పత్రుల్లో దత్తూర పత్రం అన్నది ఇదే. గుడిమల్కాపూర్ మార్కెట్‌లోనో, మోండా మార్కెట్‌లోనో కొన్న పత్రి కట్టలో ఇది ఉంటే పూజకు ఇబ్బందేమీ లేదు, కానీ పత్రి విడదీసిన చేత్తో కన్ను నలుపుకోకండి. ఆకు రసం తగిలినా ఆ ఒక్క కంటిపాప విప్పారుతుంది. మీకు పత్రి సంగతి గుర్తుంటే డాక్టరుకు చెప్పండి, అనవసర పరీక్షలు తప్పుతాయి. నీళ్లతో కన్ను బాగా కడగండి, నొప్పి లేకపోతే కొన్ని రోజుల్లో తనంతట అదే సర్దుకుంటుంది. నొప్పి, తలనొప్పి, వాంతులు ఉంటే ఆగొద్దు.

పూజయ్యాక పత్రిని పిల్లలు, మేకలు ముట్టే చోట పడేయకండి. ముళ్ల కాయ పగిలితే గింజలు రాలతాయి, మొక్క మొత్తంలో విషం ఎక్కువగా ఉండేది ఆ గింజల్లోనే. పిల్లాడు గింజలు నమిలినట్టు అనుమానం వస్తే పైన సీసా తాగినప్పుడు చెప్పినదే వర్తిస్తుంది: 108, ఆస్పత్రి, కక్కించొద్దు, మిగిలిన కాయను కవర్లో వేసి వెంట తీసుకెళ్లాలి.